నల్లబడిన కంప్యూటరు తెర: గృహిణి చేయదగిన పరీక్ష

గృహమున నొక వస్తువు చెడినప్పుడు దానిని బాగుచేయించుట యొక పని. బాగుచేయించిన పిదప నది మునుపటికంటె నెక్కువగా చెడినట్లు కనబడినచో, దాని కారణమును తెలిసికొనుట మఱియొక పని. మొదటిదానికి డబ్బు చాలును. రెండవదానికి నిదానము కావలెను. ఈ రెండవ విధమగు చిక్కు నేడు మన యిండ్లలో కంప్యూటరు విషయమున తఱచుగా కలుగుచున్నది.

కంప్యూటరు నేడు కచేరీలకు మాత్రమే చెందిన వస్తువు కాదు. పిల్లల పాఠములు, పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, బ్యాంకు లెక్కలు, పెండ్లి ఫొటోలు, దూరదేశములందున్న బిడ్డలతో ముఖాముఖి సంభాషణము, ఇవన్నియు దాని మూలముగా జరుగుచున్నవి. అట్టి యంత్రము ఒకనాడు ఉలుకక పలుకక యుండును. మెకానిక్కు వచ్చి చూచి, "పవరు సప్లై పోయిందమ్మా" యని క్రొత్తది బిగించి, దీపము వెలుగుట చూపి, డబ్బు పుచ్చుకొని వెడలిపోవును. సాయంకాలము మీట నొక్కగా లోపల పంకాలు తిరుగును, దీపము వెలుగును, కాని తెర మాత్రము నల్లగానే యుండును. అంతట ఇంటిల్లిపాదియు, "యంత్రమే పోయినది, అందలి ఫొటోలును పోయినవి" యని దిగులుపడుదురు. మఱల వచ్చిన మెకానిక్కు, "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అనును. ఆ మాట నమ్మినచో వేల రూపాయలు వ్యయమగును.

సోదరీమణులు ఇట్టి సమయమున గ్రహింపవలసిన ముఖ్యవిషయ మొక్కటి కలదు. ఒక భాగమును మార్చిన వెంటనే తెర వెలుగకున్నచో, మొదట ననుమానింపవలసినవి ఆ మార్పు చేయునపుడు చేయి తగిలిన చోటులు. తఱచుగా లోపము ఒక ప్లగ్గులోనో, ఒక తీగలోనో యుండును. దానిని వెదకుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. బియ్యములో రాయి నేరు చూపును, వరుస తప్పని ఓపికయు నున్న చాలును. బల్లమీద నుంచు పెద్ద పెట్టె కంప్యూటరును గుఱించియే యిచ్చట వ్రాయుచున్నాము. ఒడిలో నుంచుకొను ల్యాప్‌టాప్ యొక్క తీరు వేఱు.

విద్యుత్తు పెట్టె చేయు పని

పవరు సప్లై యనునది కంప్యూటరు క్యాబినెట్టులో వెనుకవైపున నుండు ఇనుపపెట్టె. బజారులో దానిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. మన గోడ ప్లగ్గునుండి వచ్చు విద్యుత్తు 230 వోల్టుల బలము గలది; అది సెకనునకు 50 ఆవృత్తులతో అటునిటు ఊగుచుండును. కంప్యూటరు లోపలి సున్నితములైన భాగములు అంత బలమునకు ఓర్వలేవు. వానికి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు అను మూడు కొలతలలో, ఊగులాట లేని విద్యుత్తు కావలెను. కాలువనీటిని తూములద్వారా ఏ మడికి కావలసినంత ఆ మడికి వదలునట్లు, ఈ పెట్టె గోడకరెంటును తగ్గించి, చదునుచేసి, వేఱువేఱు తీగలద్వారా పంచిపెట్టును. ఆ తీగల యమరికకు ఇంటెల్ కంపెనీవారు 1995లో ఏ.టి.ఎక్స్. అను ప్రమాణమును ఏర్పఱచిరి. నేటికిని ఇండ్లలోని పెద్ద కంప్యూటరులలో నెక్కువ భాగము ఆ ప్రమాణము ననుసరించియే యున్నవి.

ఈ పెట్టెకు సంబంధించిన రెండు రహస్యములు తెలిసిన యెడల తరువాతి విషయము సులభమగును. మొదటిది, మీట నొక్కగానే కంప్యూటరు పని ప్రారంభింపదు. విద్యుత్తు పెట్టె ముందుగా తన మూడు కొలతలును సరిగా నున్నవని చూచుకొని, "అంతయు బాగున్నది" అను సంకేతమును ఒక ప్రత్యేకపు తీగపై పంపును. ఇందుకు సెకనులో పదవవంతు మొదలు సగము వఱకు పట్టును. ఆ సంకేతము అందువఱకు ప్రాసెసరు, అనగా యంత్రము యొక్క మెదడు, కదలదు. రెండవది, కంప్యూటరు ఆపివేసినను, ప్లగ్గు గోడలో నున్నంతసేపు 5 వోల్టుల సన్నని ధార మదర్‌బోర్డునకు ప్రవహించుచునే యుండును. కావున బోర్డుపై చిన్న దీపము వెలిగినంత మాత్రమున అంతయు క్షేమమని తలపరాదు. మీట ఆపినంత మాత్రమున లోపల కరెంటు లేదనియు తలపరాదు.

రోగలక్షణములు

వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచును గదా! ఇచ్చటను అట్లే లక్షణములను వేఱుపఱచుకొనవలెను.

మీట నొక్కినను ఏ పంకాయు తిరుగనిచో, విద్యుత్తే లోపలికి చేరుటలేదని యర్థము. పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చి నిలువుగీత గుఱుతువైపు ఉన్నదో లేదో చూడవలెను. సున్న గుఱుతువైపు ఉన్నచో అది ఆపివేయబడినట్లు. గోడ ప్లగ్గులో వేఱొక దీపము పెట్టి అది వెలుగునో లేదో చూడవలెను. మీట నుండి మదర్‌బోర్డునకు పోవు సన్నని తీగ ఊడినను ఇట్లే యగును.

పంకాలు ఒకటి రెండు సెకనులు తిరిగి ఆగిపోవుచు, మఱల తిరుగుచున్నచో, ఎచ్చటనో రెండు తీగలు కలిసినవనియో, ఒక ప్లగ్గు తప్పుచోట పెట్టబడినదనియో సంశయింపవలెను. విద్యుత్తు పెట్టె తన్ను తాను కాపాడుకొనుటకై ఆగుచున్నది. అప్పుడు మాటిమాటికి మీట నొక్కరాదు.

తెరపై అక్షరములు కనబడి, అటుపిమ్మట పని సాగనిచో, అది వేఱొక రోగము. తఱచుగా డిస్కునకు పోవు తీగ పెట్టుట మఱచినచో అట్లగును.

పంకాలు నిలుకడగా తిరుగుచు, తెర మాత్రము నల్లగా నుండుటయే మన విషయము.

పెట్టె తెఱవకయే చేయదగిన పరీక్షలు

ముందుగా తెరను, అనగా మానిటరును చూడవలెను. దానికి వేఱుగా కరెంటు తీగ కలదు. దాని దీపము అసలే వెలుగనిచో లోపము తెరయొక్క కరెంటులోనే యున్నది. దీపము వెలుగుచు, "సిగ్నలు లేదు" అను అర్థము గల మాటలు క్షణకాలము కనబడినచో, తెర బాగున్నది, దానికి వార్త అందుటలేదు. వార్త మోయు తీగ హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లే పోర్టు, వి.జి.ఏ. అను పలువిధములుగా నుండును. తెరకు ఒకటికంటె నెక్కువ ద్వారములున్నచో, దాని మీటతో సరియైన ద్వారమును ఎన్నుకొనవలెను.

తరువాత ఆ తీగ రెండవకొన ఎచ్చట పెట్టబడినదో చూడవలెను. చాలమంది చిక్కుపడు చోటు ఇదియే. క్యాబినెట్టును కదలించుటకు మెకానిక్కు తీగలన్నియు ఊడదీసి, మఱల పెట్టును. కంప్యూటరులో ప్రత్యేకపు గ్రాఫిక్సు కార్డు ఉన్నచో, తెరతీగ ఆ కార్డునకే తగిలింపవలెను. నిలువుగా నుండు క్యాబినెట్టు వెనుకవైపున పైభాగమందు కీబోర్డు, మౌసు, స్పీకరు తగిలించు ద్వారముల గుంపు మదర్‌బోర్డుది. దానికి దిగువను అడ్డముగా విడిగా నున్న ద్వారములు గ్రాఫిక్సు కార్డువి. తెరతీగను పైగుంపులో పెట్టినచో తెర నల్లగానే యుండవచ్చును. కొన్ని ప్రాసెసరులకు బొమ్మను చూపు శక్తి స్వతస్సిద్ధముగా లేదు. అట్టి యంత్రమునందు పైద్వారములు ఉన్నను లేనట్లే.

మూడవది కీబోర్డు పరీక్ష. యంత్రము ప్రారంభించి రెండు మూడు నిమిషములు ఆగి, క్యాప్స్ లాక్ మీటను నొక్కవలెను. నొక్కినప్పుడెల్ల దాని చిన్నదీపము వెలిగి ఆఱుచున్నచో, యంత్రము లోపల మేలుకొనియే యున్నది. తెరకు పోవు దారియే చెడినది. ఆ దీపము కదలనిచో మెదడే మేలుకొనలేదని అనుమానింపవచ్చును. ఈ చిన్న పరీక్ష వేల రూపాయల వ్యర్థవ్యయమును తప్పింపగలదు.

తెఱచుటకు ముందు జాగ్రత్తలు

పై పరీక్షలవలన ఫలము లేనిచో క్యాబినెట్టు ప్రక్కరేకు తీయవలెను. అంతకుముందు స్విచ్చి ఆపి, గోడనుండి ప్లగ్గు ఊడదీసి, పిదప కంప్యూటరు మీటను పది సెకనులు నొక్కి పట్టవలెను. లోపల మిగిలిన కొంచెపు విద్యుత్తు దానితో చాలవఱకు తీఱిపోవును. గాజులును ఉంగరములును తీసి ప్రక్కన నుంచవలెను. మెడలోని గొలుసు క్రిందికి వ్రేలాడకుండ రవికెలోనికి దోపుకొనవలెను. కొంగు నడుమున బిగించుకొనవలెను. పట్టుబట్ట, నైలాను బట్టల రాపిడివలన పుట్టు విద్యుత్తు సున్నితమగు భాగములకు హాని చేయును గనుక నూలుచీర మేలు. లోపల చేయి పెట్టుటకు ముందు క్యాబినెట్టు యొక్క రంగులేని ఇనుపభాగమును తాకవలెను. ఏ తీగను ముట్టుటకు ముందైనను ఫోనుతో లోపలి భాగమంతయు ఫొటో తీసి యుంచుకొనవలెను. తరువాత ఏది ఎచ్చట నుండెనో తెలియుటకు అదియే సాక్షి.

ఒక్క విషయమున మాత్రము ధైర్యము పనికిరాదు. విద్యుత్తు పెట్టెను ఎన్నడును విప్పరాదు. దానిలోని కెపాసిటరులు ప్లగ్గు తీసిన తరువాతకూడ 300 వోల్టులకు మించిన బలమును నిలువ యుంచుకొనవచ్చును. అది ప్రాణాపాయకరము. ఆ పెట్టె చెడినచో మార్చుటయే గాని ఇంటిలో బాగుచేయుట లేదు. ఆడపిల్లలకైనను మగపిల్లలకైనను ఈ మాట గట్టిగా చెప్పియుంచవలెను.

చూడవలసిన మూడు కూడళ్లు

మొదటి కూడలి మదర్‌బోర్డు అంచున నుండు 24 పిన్నుల పెద్ద ప్లగ్గు. పూర్వము ఇది 20 పిన్నులదిగా నుండెను. 2003లో 24 పిన్నులకు పెంచబడెను. కొన్ని పెట్టెలలో నేటికిని 20, 4 అను రెండు ముక్కలుగా వచ్చును. ఆ నాలుగు పిన్నుల ముక్క విడిగా వ్రేలాడుచుండవచ్చును. ప్లగ్గు ప్రక్కనున్న కొక్కెము తన చోట పడిన చప్పుడు వినబడువఱకు సమముగా నొక్కవలెను. ఒకవైపు లోతుగాను ఒకవైపు పైకిని ఉన్నచో అది కూర్చున్నట్లు కాదు.

రెండవ కూడలి అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రాసెసరునకు దగ్గఱగా, సాధారణముగా మదర్‌బోర్డు పైభాగపు మూలలో, 4 గాని 8 గాని పిన్నుల ప్లగ్గు ఒకటి కలదు. ప్రాసెసరులకు విద్యుత్తు ఎక్కువ కావలసి వచ్చినందున 2000 సంవత్సరమున ఈ యేర్పాటు వచ్చెను. ఇది ప్రాసెసరునకు మాత్రమే యుద్దేశింపబడిన తూము. దీనిని పెట్టుట మఱచినచో పెద్ద ప్లగ్గునుండి పంకాలకు కరెంటు పోవును, దీపములు వెలుగును, కాని మెదడునకు ఆహారము లేదు. కావున తెర నల్లగా నుండును. మన రోగలక్షణమునకు ఇంతకంటె సరిపోవు కారణము లేదు. ఆ మూల ఇరుకైనది. పంకా నీడలో నుండును. తీగ అచ్చటికి అందుటకు బోర్డు వెనుకనుండి తేవలసివచ్చును. అందుచేత తొందరలో నున్న మెకానిక్కు దానిని మఱచుట వింతకాదు.

మూడవ కూడలి గ్రాఫిక్సు కార్డునకు పోవు ప్లగ్గు. బోర్డునుండి ఆ కార్డునకు 75 వాట్లు మాత్రమే అందును. అంతకుమించి కావలసిన కార్డులకు పైన 6 లేక 8 పిన్నుల ద్వారములు ఉండును. 6 పిన్నులది మఱి 75 వాట్లను, 8 పిన్నులది 150 వాట్లను తెచ్చుటకు ఏర్పడినవి. అవి ఖాళీగా నున్నచో కార్డు బొమ్మను చూపదు.

ఇచ్చట నొక హెచ్చరిక. ప్రాసెసరు ప్లగ్గును, గ్రాఫిక్సు ప్లగ్గును రెండును 8 పిన్నులతో చూపునకు అక్కచెల్లెండ్రవలె నుండును. కాని వాని వరుసలు తలక్రిందులు. మొదటిది 4, 4గా విడిపోవును. రెండవది 6, 2గా విడిపోవును. ఈ గుఱుతుతో వానిని పోల్చుకొనవలెను. తేలికగా దిగని ప్లగ్గును బలవంతముగా దింపరాదు.

మా యెఱుకలోని యొక గృహమున జరిగిన సంగతి యిచ్చట చెప్పదగును. ఆ గృహిణి తమ పొదుపు సంఘము యొక్క లెక్కలన్నియు కంప్యూటరులో వ్రాసి యుంచుచుండెను. అప్పు వాయిదాల పట్టిక బ్యాంకునకు చూపవలసిన వారమున పవరు సప్లై పోయెను. క్రొత్తది బిగించిన తరువాత తెర వెలుగలేదు. దుకాణమువారు మదర్‌బోర్డు మార్చవలెననిరి. ఆమె డబ్బుకై చేతిగాజు తాకట్టు పెట్ట నుద్యుక్తురాలాయెను. పదవతరగతి చదువుచున్న కుమార్తె ప్రక్కరేకు తీసి, దీపము పట్టుకొని, ఏ తీగ ఎచ్చటికి పోవుచున్నదో వ్రేలితో త్రోవ పట్టి చూడగా, నాలుగు పిన్నుల ప్లగ్గు ఒకటి ఇతర తీగలతో కలిపి కట్టబడి బోర్డు వెనుక దాగియుండెను. దానిని తన చోట పెట్టగనే తెర వెలిగెను. గాజు చేతిననే నిలిచెను. ఆ బాలిక చేసినది విద్య కాదు, వెదకుట.

చేయి తగిలి కదలిన భాగములు

మూడు కూడళ్లును సరిగా నున్నచో, పెట్టె మార్చునపుడు కదలినవి చూడవలెను. వానిలో ముఖ్యమైనది ర్యామ్, అనగా యంత్రము యొక్క తాత్కాలిక జ్ఞాపకశక్తి. అది సన్నని పలకవలె బోర్డుపై నిలువుగా గ్రుచ్చబడి యుండును. లావైన తీగల కట్టను ప్రక్కకు నెట్టునపుడు అది కొంచెము వదులగుట కలదు. ప్లగ్గు తీసియుంచి, కొక్కెములు విప్పి, పలకను అంచులతో పట్టుకొని పైకి తీయవలెను. దాని పసిడిరంగు పండ్లను వ్రేళ్లతో తాకరాదు. మసక కట్టియున్నచో పెన్సిలు గీతలు చెఱుపు మెత్తని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండ దులిపి, మఱల తన గాడిలో గట్టిగా కూర్చోబెట్టవలెను. రెండు పలకలున్నచో ఒకదానిని తీసి యొకదానితో మాత్రము పరీక్షింపవచ్చును. గ్రాఫిక్సు కార్డునకును ఈ నియమమే.

దానివలన గూడ కాకున్నచో బోర్డుపై నాణెమువలె గుండ్రముగా నుండు 3 వోల్టుల బ్యాటరీని చూడవలెను. ప్లగ్గు తీసియుంచి, దానిని కొన్ని నిమిషములు తీసి మఱల పెట్టినచో బోర్డు తన పాత యమరికలను మఱచి మొదటినుండి ప్రారంభించును. తేదీయు వేళయు మఱల దిద్దుకొనవలసివచ్చును. ఇట్లు చేయుటకు ముందు నొక సంగతి తెలిసియుండవలెను. క్రొత్త విండోస్ గల కొన్ని యంత్రములలో డిస్కు తాళము వేయబడినట్లు గుప్తముగా నుండును. బోర్డు యమరికలు మాఱినప్పుడు అది 48 అంకెల తాళపుసంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య సాధారణముగా ఇంటివారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో నుండును. దానిని ముందుగా వ్రాసి దాచుకొనిన గృహిణి ఎన్నడును చిక్కుపడదు.

డి.డి.ఆర్. 5 అను నూతనజాతి ర్యామ్ గల యంత్రములు ఇట్లు మొదలుపెట్టినప్పుడు జ్ఞాపకపలకలను కొలిచి చూచుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనవచ్చును. ఆ కాలమంతయు తెర నల్లగానే యుండును. తొందరపడి మధ్యలో ఆపరాదు.

యంత్రమే చెప్పు మాటలు

మాటలురాని పసిపాప ఏడుపునుబట్టి తల్లి ఆకలియో కడుపునొప్పియో గుర్తించును. కంప్యూటరునకును అట్టి భాష కలదు. కొన్ని బోర్డులకు చిన్న బూర యుండును. లోపమునుబట్టి అది పొడవు, పొట్టి కూతలు వేయును. ఆ కూతల యర్థము చేసినవారినిబట్టి మాఱును గనుక బోర్డుతో వచ్చిన పుస్తకమును చూడవలెను. క్రొత్త బోర్డులు చాలవానిపై నాలుగు చిన్నదీపములు ఉండును. వాని ప్రక్కన సి.పి.యు., డ్రామ్, వి.జి.ఏ., బూట్ అని వ్రాసియుండును. వరుసగా అవి ప్రాసెసరు, ర్యామ్, బొమ్మ చూపు భాగము, డిస్కు. ఏ దీపము ఆఱక నిలిచిపోయినదో ఆ భాగమువద్ద యంత్రము చిక్కుకొన్నదని తెలియును. ఈ ఒక్క గుఱుతును మెకానిక్కునకు చెప్పగలిగినచో అతని పని సగమగును.

పాత తీగల ప్రమాదము

ఇంతవఱకు చెప్పినవి తిరిగి దిద్దుకొనదగినవి. ఇప్పుడు చెప్పబోవునది దిద్దుకొనరానిది. కొన్ని విద్యుత్తు పెట్టెలకు తీగలు రెండుకొనలను ఊడివచ్చును. పెట్టె మార్చునపుడు, "పాత తీగలు లోపల చక్కగా సర్దియున్నవి గదా" యని వానిని అట్లే యుంచి, క్రొత్త పెట్టెకు తగిలించు వారు కలరు. బోర్డువైపు కొనకు ప్రమాణము కలదు. పెట్టెవైపు కొనకు లేదు. ఒక్క కంపెనీవారి రెండు రకములలోనే యీ వరుస వేఱుగా నుండవచ్చును. ప్లగ్గు చక్కగా దిగినను, 5 వోల్టులు పోవలసిన చోటికి 12 వోల్టులు పోయి డిస్కు మాడిపోవును. సంవత్సరముల ఫొటోలును లెక్కలును దానితో పోవును. కావున క్రొత్త పెట్టెతో వచ్చిన తీగలనే వాడవలెనని మొదటనే చెప్పవలెను. పాత తీగలతోనే బిగించినట్లు తెలిసినచో మఱల మీట నొక్కక, వానిని మార్పించిన పిదపనే ప్రారంభింపవలెను.

మఱియొకటి. కొన్ని పాతరకపు పెట్టెల వెనుక 115, 230 అని వ్రాసిన చిన్న ఎఱ్ఱమీట యుండును. అమెరికాలో ఇంటికరెంటు 120 వోల్టులు గనుక అచ్చటినుండి బంధువులు తెచ్చిన పెట్టెలో అది 115 వైపు ఉండవచ్చును. దానిని 230 వైపునకు త్రిప్పకయే మన ప్లగ్గులో పెట్టినచో పెట్టె పేలిపోవును. ఇప్పటి పెట్టెలు చాలవఱకు రెండిటికిని తామే సర్దుకొనును. ఐనను పైనున్న చీటీని చదువుట మంచిది.

మెకానిక్కుతో మాటలాడు విధము

ఇంత చేసినను తెర వెలుగనిచో క్రొత్త పెట్టెయే లోపము గలదై యుండవచ్చును. లేదా పాతపెట్టె చెడునపుడు తనతో బోర్డునుగూడ చెఱచి యుండవచ్చును. రెండవది అసంభవము కాదు. కాని దానిని ఋజువు చేయక నమ్మరాదు. బాగుగా పనిచేయుచున్న వేఱొక పెట్టెను తాత్కాలికముగా తగిలించి చూచుటయే ఋజువు. అప్పుడును వెలుగనిచో బోర్డు విషయము ఆలోచింపవచ్చును.

మెకానిక్కుతో కోపముగా గాని భయముగా గాని మాటలాడ నక్కఱలేదు. "నాయనా, ప్రాసెసరు ప్రక్కనున్న ప్లగ్గు పెట్టినావా? తెరతీగ కార్డుకే పెట్టినావా? క్రొత్త పెట్టెతో వచ్చిన తీగలే వాడినావా? వేఱొక పెట్టెతో పెట్టి చూచినావా?" అని నాలుగు ప్రశ్నలు శాంతముగా అడిగిన చాలును. "చూస్తానమ్మగారూ" అని అతడే దీపము తెప్పించి మఱల చూచును. తెలిసిన ఇంటిలో పని శ్రద్ధగా జరుగును. క్రొత్త పెట్టెయొక్క బిల్లును, పూచీపత్రమును, అట్టపెట్టెను పాఱవేయక దాచవలెను. పాత భాగమును, మార్చినదేదైనను, అడిగి తీసికొనవలెను.

ఫొటోలు పోవునా?

తెర నల్లబడినప్పుడు తల్లుల మనస్సును కలచునది యంత్రము యొక్క వెలకంటె అందలి జ్ఞాపకములే. తెర వేఱు, డిస్కు వేఱు. దేవుని గదిలో దీపము ఆఱినంతమాత్రమున పెట్టెలోని నగలు పోవు గదా! తెర నల్లగా నున్నను, డిస్కు బాగుగా నున్నచో దానిని ఊడదీసి వేఱొక కంప్యూటరునకు తగిలించి అందలివన్నియు చూడవచ్చును. ముందు చెప్పిన 48 అంకెల సంఖ్య అప్పుడు కూడ అవసరము కావచ్చును. బోర్డు మార్చినను డిస్కును తుడిచివేయ నక్కఱలేదు. "అంతా చెఱిపి క్రొత్తగా వేస్తాము" అని యెవరైన ననినచో, ముందు ప్రతి తీసికొనక ఒప్పుకొనరాదు. ఐనను ఒకే పాత్రలో సమస్తధనమును దాచుట వివేకము కాదు. ముఖ్యమగు ఫొటోలకును లెక్కలకును విడి డిస్కులో నొక ప్రతి, వీలైనచో దూరమున నున్న బిడ్డయింట మఱియొక ప్రతి ఉంచవలెను.

విసురుఱాయి తిరుగనిచో మన పెద్దలు మొదట కీలు చూచిరి గాని ఱాయిని పాఱవేయలేదు. పొయ్యి మండనిచో మొదట గాలి ఆడుచున్నదో లేదో చూచిరి గాని పొయ్యి పడగొట్టలేదు. ఈ నూతనయంత్రము విషయమునను ఆ పాతబుద్ధియే చాలును. వెలుపలినుండి లోపలికి, తేలికనుండి కష్టమునకు, ఖర్చులేనిదానినుండి ఖర్చుగలదానికి వరుసగా పోవలెను. ఒక్కసారి యొక్క మార్పే చేసి, దాని ఫలమును చూచి, పిమ్మట రెండవది చేయవలెను. ఏ పరీక్ష చేసినది, ఏమి కనబడినది ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఆ కాగితమును, ప్లగ్గుల ఫొటోను క్యాబినెట్టు మాన్యువలుతో కలిపి ఒక సంచిలో వేసి బీరువాలో నుంచినచో, మఱియొకప్పుడు ఇంటిలో ఎవరికైనను అది ఉపయోగపడును. ఆ సంచిలో మొదటి కాగితమును మన సోదరీమణులు ఈ నెలలోనే, యంత్రము బాగుగా నున్నప్పుడే, వ్రాసి యుంచుదురని ఆశించుచున్నాము.